గ్లుటమేట్ రిసెప్టర్లను సగం తెరిచే, సర్దుబాటు చేసే మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫార్మకాలజీ పాఠాలు చెబుతాను. క్లాసులో విద్యార్థులు అడిగేవీ, ప్రిస్క్రిప్షన్ చేత్తో పట్టుకుని తెలిసినవాళ్లు అడిగేవీ చూస్తే ఏటా అవే పాతిక ప్రశ్నలు తిరిగి వస్తుంటాయి. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే ఓపిక తగ్గి, ఇక్కడ రాసిపెట్టాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. మందు మొదలుపెట్టడం, ఆపడం, డోసు మార్చడం మాత్రం మీకు వైద్యం చేసే డాక్టరు చెప్పాల్సినవి.

## గ్లుటమేట్‌తో పరిచయం

గ్లుటమేట్ అంటే అసలేమిటి?

ఒక అమైనో ఆమ్లం. శరీరంలో ప్రతి కణంలోనూ ఉంటుంది, ప్రోటీన్ల తయారీలో ఇటుకలా పనికొస్తుంది. మెదడులో మాత్రం దానికి ఇంకో ఉద్యోగం ఉంది: ఒక న్యూరాన్ (మెదడులోని నాడీకణం) పక్క న్యూరాన్‌ను తట్టి లేపడానికి అన్నిటికన్నా ఎక్కువగా వాడుకునే రసాయనం ఇదే. 1950లలో జపాన్‌లో తకాషి హయాషి కుక్కల మెదడు పైపొరకు గ్లుటమేట్ తగిలిస్తే ఫిట్స్ వస్తున్నాయని గమనించాడు. ఆ దశాబ్దం చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో కర్టిస్, ఫిలిస్, వాట్కిన్స్ వెన్నుపాము న్యూరాన్లు దీనికి ఉలిక్కిపడటం చూశారు. అయినా ఇంత మామూలు పదార్థం, ఎక్కడ చూసినా ఉండేది, సందేశాలు మోస్తుందంటే చాలా ఏళ్లు ఎవరూ నమ్మలేదు. మెదడును నెమ్మదింపజేసే గాబా కూడా గ్లుటమేట్ నుంచే తయారవుతుంది. ఒక ఎంజైమ్ చిన్న ముక్క కత్తిరిస్తే చాలు.

గ్లుటమేట్ ఎక్కువైతే టెన్షన్, తక్కువైతే డిప్రెషన్ అని విన్నాను. నిజమేనా?

అంత తేలికైతే ఒక రక్తపరీక్ష చేసి మందు రాసేసేవాళ్లు. గ్లుటమేట్ విషయంలో మొత్తం ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ, ఎంతసేపు ఉందన్నది ముఖ్యం. న్యూరాన్ లోపల అది బోలెడంత ఉంటుంది, బయట ద్రవంలో దాదాపు ఉండదు. సందేశం పంపే క్షణంలో రెండు న్యూరాన్ల మధ్య సందులో దాని గాఢత ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఇంచుమించు మిల్లీసెకనులో పడిపోతుంది. చుట్టూ ఉన్న కణాలు దాన్ని వెంటనే లాగేసుకుంటాయి. ఇలాంటి చోట "పెంచే మందు", "తగ్గించే మందు" అని రెండు పెట్టెలు పెట్టుకుంటే కింద వచ్చే మందుల్లో సగం ఏ పెట్టెలోనూ పట్టవు.

రిసెప్టర్లు ఎన్ని రకాలు? పేర్లు వింటేనే తల తిరుగుతోంది.

రిసెప్టర్ అంటే కణం పైన ఉండి, గ్లుటమేట్ లాంటి రసాయనం వచ్చి అంటుకునే ప్రోటీన్. రెండు పెద్ద కుటుంబాలని గుర్తుంచుకోండి. ఒకదానిలో రిసెప్టరే ఒక తలుపు: గ్లుటమేట్ అంటుకోగానే తెరుచుకుని అయాన్లను లోపలికి వదులుతుంది. ఆంపా, కైనేట్, ఎన్‌ఎండీఏ ఈ రకం. రెండో కుటుంబంలో తలుపు ఉండదు, కాలింగ్ బెల్ ఉంటుంది. గ్లుటమేట్ నొక్కితే కణం లోపల ఒకదాని తర్వాత ఒకటి రసాయన మార్పులు జరుగుతాయి. వీటిని ఎంగ్లూ రిసెప్టర్లంటారు, 1 నుంచి 8 దాకా నంబర్లున్నాయి. మొదటి రకం మిల్లీసెకన్ల లెక్క, రెండోది సెకన్లు, నిమిషాల లెక్క.

అందరూ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ గురించే మాట్లాడతారెందుకు?

దాని తలుపు తెరుచుకోవాలంటే మూడు పనులు ఒకేసారి జరగాలి కాబట్టి. గ్లుటమేట్ ఒకచోట కూర్చోవాలి. గ్లైసిన్ గానీ డి-సెరిన్ గానీ ఇంకోచోట కూర్చోవాలి. ఈ రెండో తాళంచెవి అవసరమని 1987లో జాన్సన్, ఆషర్ చూపించారు. ఈ రెండూ అమరినా దారిలో మెగ్నీషియం అయాన్ బిరడాలా బిగుసుకుని ఉంటుంది. ఆ న్యూరాన్ అప్పటికే ఉత్తేజపడి ఉంటేనే ఆ బిరడా ఊడుతుంది. ఇది 1984లో తేలింది.

అంటే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఒక సాక్షి లాంటిది. "అవతలి న్యూరాన్ పిలిచింది, ఇవతలి న్యూరాన్ అప్పటికే మెలకువగా ఉంది" అన్న రెండు సంగతులూ కలిసినప్పుడే క్యాల్షియాన్ని లోపలికి వదులుతుంది. ఆ క్యాల్షియమే రెండు న్యూరాన్ల మధ్య బంధాన్ని గట్టిపరుస్తుంది. నేర్చుకోవడానికీ జ్ఞాపకానికీ కణస్థాయిలో పునాది ఇదేనని చాలామంది నమ్మకం. అదే క్యాల్షియం హద్దు దాటితే న్యూరాన్‌ను చంపేస్తుంది. ఇన్ని తాళాలున్న తలుపు కనుక దాని మీద మందు వేయడానికి చోట్లూ అన్నే ఉన్నాయి.

## మాటల దగ్గర తికమక

పార్షియల్ అగోనిస్ట్ అంటే తక్కువ డోసులో ఇచ్చే మందా?

కాదు. అగోనిస్ట్ అంటే రిసెప్టర్‌కు అంటుకుని దాన్ని పని చేయించే పదార్థం, పార్షియల్ అంటే అరకొర. డోసుకూ దీనికీ సంబంధం లేదు. ఎంత ఎక్కువ ఇచ్చినా, రిసెప్టర్లన్నీ ఆ మందుతోనే నిండిపోయినా, పూర్తి స్పందన రాదు. ఫుల్ అగోనిస్ట్ వంద తెప్పించే చోట ఇది నలభయ్యో అరవయ్యో దగ్గర ఆగిపోతుంది. అంటుకునే శక్తి వేరు, అంటుకున్నాక పని చేయించే శక్తి వేరు. చాలా గట్టిగా అంటుకుని చాలా కొద్దిగా పని చేయించే పదార్థాలూ ఉన్నాయి.

ఒకే మందు ఒకచోట పెంచుతుంది, ఒకచోట తగ్గిస్తుంది అంటారు. ఇదెలా కుదురుతుంది?

అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. నేను బోర్డు మీద వేసే లెక్కే ఇక్కడా వేస్తాను.

పది కుర్చీలున్న ఒక కార్ఖానా అనుకోండి. మంచి పనివాడు ఒక్కో కుర్చీలో రోజుకు పది వస్తువులు చేస్తాడు. ఇంకొకడున్నాడు, ఎంత తన్నుకున్నా నాలుగే చేస్తాడు. ఇవాళ మంచి పనివాళ్లు ఇద్దరే వచ్చారు, ఎనిమిది కుర్చీలు ఖాళీ. వస్తువులు 20. ఆ ఎనిమిదింటిలో నాలుగు చేసేవాళ్లను కూర్చోబెడితే ఇంకో 32 వస్తాయి, మొత్తం 52. గుడ్డి కన్నా మెల్ల మేలు. మర్నాడు మంచి పనివాళ్లు పదిమందీ వచ్చారు, వస్తువులు 100. ఇప్పుడు ఆ నాలుగు చేసేవాళ్లు ఐదుగురు లోపలికి తోసుకొచ్చి ఐదుగురిని లేపి కూర్చున్నారు. ఐదు పదులు 50, ఐదు నాలుగులు 20, మొత్తం 70. నిన్న ఉత్పత్తి పెంచినవాళ్లే ఇవాళ తగ్గించారు. వాళ్లలో మార్పేమీ లేదు, కార్ఖానాలో ఉన్న పరిస్థితి మారింది.

పార్షియల్ అగోనిస్ట్ సంగతీ అంతే. ఎన్‌ఎండీఏ రిసెప్టర్ దగ్గర గ్లైసిన్, డి-సెరిన్ కొరతగా ఉన్న చోట అది ఊతమిస్తుంది, అవి పుష్కలంగా ఉన్న చోట బ్రేకు వేస్తుంది. ఒకే మెదడులో, ఒకే గంటలో, రెండు ప్రాంతాల్లో రెండు రకాలుగా పనిచేయొచ్చు. "ఈ మందు గ్లుటమేట్‌ను పెంచుతుందా తగ్గిస్తుందా" అని ఒక్క మాటలో అడిగితే నేను నీళ్లు నమిలేది ఇందుకే.

మాడ్యులేటర్ అంటే పార్షియల్ అగోనిస్ట్‌కు ఇంకో పేరా?

కాదు. పార్షియల్ అగోనిస్ట్ గ్లుటమేట్ లేదా గ్లైసిన్ కూర్చునే కుర్చీలోనే కూర్చుంటుంది. అల్లోస్టెరిక్ మాడ్యులేటర్ ఆ కుర్చీ జోలికి పోదు, రిసెప్టర్ మీద ఇంకెక్కడో అతుక్కుని దాని తీరును మారుస్తుంది. స్పందనను పెంచితే పాజిటివ్, తగ్గిస్తే నెగటివ్. చాలా మాడ్యులేటర్లు తమంతట తాము తలుపు తీయవు. గ్లుటమేట్ వచ్చి తట్టినప్పుడే వాటి ప్రభావం కనిపిస్తుంది. అందువల్ల మెదడు సహజంగా ఎప్పుడు, ఎక్కడ సందేశం పంపుతోందో ఆ లయ చెడదు. మందుల కంపెనీలు వీటి వెంటపడటానికి పెద్ద కారణం ఇదే.

ఛానెల్ బ్లాకర్‌ను కూడా మాడ్యులేటర్ అనొచ్చా?

వార్తల్లో అంటుంటారు. నిక్కచ్చిగా చూస్తే వేరు. కెటమిన్, మెమాంటిన్ లాంటివి తెరుచుకున్న దారి మధ్యలో దూరి అడ్డం పడతాయి. ముందు తలుపు తెరుచుకుంటే తప్ప వాటికి లోపలికి దారి దొరకదు.

రిసెప్టర్ నిజంగా సగమే మూసుకుంటుందా, లేక అది పోలిక మాత్రమేనా?

ఆంపా రిసెప్టర్ దగ్గర దాదాపు అక్షరాలా నిజం. గ్లుటమేట్ కూర్చునే భాగం ఆల్చిప్పలా ఉంటుంది. గ్లుటమేట్ లోపలికి రాగానే రెండు చిప్పలూ దగ్గరికి మూసుకుంటాయి, ఆ లాగుడుకు కింద ఛానెల్ తెరుచుకుంటుంది. విల్లార్డీన్ అని కొన్ని మొక్కల గింజల్లో దొరికే పదార్థం ఉంది. దానికి ఒకేచోట ఫ్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ ఇలా వేర్వేరు అణువులు తగిలించి, ఒక్కొక్కటి ఆ చిప్పలో ఎలా ఇముడుతుందో 2003లో స్ఫటిక చిత్రాల్లో చూశారు. తగిలించిన అణువు పెద్దదయ్యే కొద్దీ చిప్ప పూర్తిగా మూసుకోలేకపోయింది, కరెంటూ (తలుపులోంచి పారే అయాన్ల ప్రవాహం) ఆ మేరకు తగ్గింది. తలుపు సందులో చెప్పు అడ్డం పడ్డట్టు.

ఎన్‌ఎండీఏ దగ్గర మాత్రం ఈ అందమైన కథ తేలిపోయింది. గ్లైసిన్ చోట డి-సైక్లోసెరిన్ లాంటి పార్షియల్ అగోనిస్ట్‌ను పెట్టి చూస్తే చిప్ప గ్లైసిన్‌తో మూసుకున్నంతా మూసుకునే కనిపించింది. అక్కడ తేడా ఎంత మూసుకుందన్నదానిలో లేదు, మూసుకున్న స్థితి ఎంత నిలకడగా ఉందన్నదానిలో ఉందని ఇప్పటి వివరణ. మొదటి కథ ఒక్కటే చెప్పి ఊరుకునే పాఠాలు నాకు నచ్చవు.

## డాక్టరు రాసిన మందులు

సైక్లోసెరిన్ టీబీ మందు కదా, దానికీ మెదడుకూ ఏమిటి సంబంధం?

ఆకారం. డి-సైక్లోసెరిన్ చూడటానికి డి-అలనిన్ అనే చిన్న అమైనో ఆమ్లంలా ఉంటుంది. టీబీ బాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి డి-అలనిన్ వాడుతుంది, ఈ మందు ఆ పనికి అడ్డుపడుతుంది. మన మెదడులో ఎన్‌ఎండీఏ రిసెప్టర్ మీద గ్లైసిన్ కూర్చునే కుర్చీలో కూడా ఆ ఆకారం ఇముడుతుంది. అక్కడ అది పార్షియల్ అగోనిస్ట్. ఇంకో మెలిక: గ్లూఎన్2సీ అనే భాగం ఉన్న రిసెప్టర్ల దగ్గర ఇది గ్లైసిన్‌ను కూడా మించి పని చేయిస్తుంది. ఇల్లు మారితే కోడలి తీరు మారినట్టు.

మొండి టీబీకి సాధారణంగా రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు ఇస్తారు. మందు మెదడులోకి బాగా చేరుతుంది, కాబట్టి నిద్రమత్తు, దిగులు, తికమక, అరుదుగా భ్రమలు, ఫిట్స్ రావచ్చు. వీటిని తగ్గించడానికే బీ6 విటమిన్ కలిపి ఇస్తారు. ఈ మందు వాడుతున్నవాళ్ల మాటతీరు, నిద్ర మారితే "టీబీ వల్ల నీరసం" అని కొట్టిపారేయకుండా డాక్టరుకు చెప్పాలి.

అదే మందు భయాలు పోగొడుతుందని చదివాను. ఎత్తులంటే భయం, ఒక మాత్ర వేసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. మాత్ర ఒక్కటీ భయాన్ని ఏమీ చేయదు. భయం పోవడమంటే పాత జ్ఞాపకం చెరిగిపోవడం కాదు, "ఇక్కడ ఏమీ కాదు" అనే కొత్త పాఠం నేర్చుకోవడం. ఎన్‌ఎండీఏ రిసెప్టర్ పనిచేసేది ఆ నేర్చుకోవడంలో. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో ఎత్తులంటే భయపడేవాళ్లకు వర్చువల్ రియాలిటీలో గాజు లిఫ్టు ఎక్కించే థెరపీతో పాటు, సెషన్‌కు ముందు డి-సైక్లోసెరిన్ ఇచ్చారు. రెండే సెషన్లలో మందు వేసుకున్నవాళ్లు ఎక్కువ మెరుగుపడ్డారు. ఆ వార్త అప్పట్లో పెద్ద సంచలనం.

తర్వాత చాలా పరిశోధనలు జరిగాయి. అన్నీ కలిపి చూస్తే లాభం ఉంది కానీ చిన్నది. ఎందుకో కొంత అర్థమైంది. సెషన్ బాగా జరిగి భయం తగ్గిన రోజున మందు ఆ పాఠాన్ని గట్టిపరుస్తుంది. సెషన్ చెడి భయం పెరిగిన రోజున ఆ భయాన్నే గట్టిపరిచే ప్రమాదం ఉంది. రోజూ వేసుకుంటే ప్రభావం తగ్గిపోతుంది. అందుకే పరిశోధనల్లో తరచుగా 50 మిల్లీగ్రాముల వంటి చిన్న డోసు, సెషన్ రోజున మాత్రమే ఇచ్చారు.

మెమాంటిన్ ఎన్‌ఎండీఏని అడ్డుకుంటుంది. అప్పుడు నాన్నగారి మతిమరుపు ఇంకా పెరగాలి కదా?

ప్రశ్న సరైనదే. జవాబు "ఎంతసేపు అడ్డుకుంటుంది" అన్నదానిలో ఉంది. అల్జీమర్స్‌లో కొద్ది కొద్దిగా గ్లుటమేట్ ఎప్పుడూ కారుతూ ఉండి, ఎన్‌ఎండీఏ తలుపులు వేళకాని వేళ తెరుచుకుంటాయని ఒక అంచనా. మెమాంటిన్ తేలికగా దూరుతుంది, తేలికగా ఊడిపోతుంది. నేపథ్యంలో ఆగని ఆ గోలను అది అడ్డుకుంటుంది, నిజమైన గట్టి సందేశం వచ్చినప్పుడు చటుక్కున తప్పుకుంటుంది. ఎమ్‌కే-801 అనే ప్రయోగశాల పదార్థం ఇదే దారిలో దూరి వదలదు, అందుకే అది మందుగా పనికిరాలేదు.

మధ్యస్థ, తీవ్ర అల్జీమర్స్‌కు మెమాంటిన్‌ను యూరప్‌లో 2002లో, అమెరికాలో 2003లో అనుమతించారు. 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం వారం పెంచుతూ 20 దాకా వెళ్తారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు తక్కువ ఇస్తారు. లాభం ఓ మోస్తరు. జబ్బును ఆపదు, కొందరిలో రోజువారీ పనులు, చిరాకు కొంతకాలం కుదురుగా ఉంటాయి. నెల తిరక్కుండానే నాన్నగారు పేర్లన్నీ గుర్తుపడతారని ఆశ పెట్టుకోకండి.

కెటమిన్ మత్తుమందు కదా, డిప్రెషన్‌కు ఎలా ఇస్తున్నారు?

1962లో తయారై, 1970లో అమెరికాలో అనుమతి పొందిన మత్తుమందే. ఆపరేషన్ డోసు కన్నా బాగా తక్కువగా, కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాము చొప్పున 40 నిమిషాల పాటు నరంలోకి ఎక్కిస్తే డిప్రెషన్ గంటల్లో తేలికపడటం 2000లో ఏడుగురు రోగుల మీద చేసిన చిన్న పరిశోధనలో కనిపించింది. మామూలు డిప్రెషన్ మందులకు వారాలు పడుతుంది కనుక అందరూ ఉలిక్కిపడ్డారు.

ఎలా పనిచేస్తుందన్న దానిమీద తగవు ఇంకా తెగలేదు. ఒక వాదన: కెటమిన్ ముందుగా నెమ్మదింపజేసే న్యూరాన్ల మీది ఎన్‌ఎండీఏ తలుపులను మూస్తుంది. కాపలావాళ్లు నిద్రపోతే గ్లుటమేట్ ఒక్కసారి ఉప్పొంగుతుంది, అది ఆంపా రిసెప్టర్లను తట్టి కొత్త బంధాలు మొలకెత్తిస్తుంది. ఎలుకల్లో ఆంపాను మూసేస్తే కెటమిన్ ప్రభావమూ పోయింది, ఇది ఈ వాదనకు బలం. అంటే ఒక గ్లుటమేట్ రిసెప్టర్‌ను మూసే మందు ఇంకో గ్లుటమేట్ రిసెప్టర్‌ను తెరవడం ద్వారా పనిచేస్తోంది. ఇంకో వాదన ప్రకారం కెటమిన్ శరీరంలో విరిగాక పుట్టే పదార్థానిదే అసలు పని. అదే దారిలో దూరే మెమాంటిన్ డిప్రెషన్‌ను తగ్గించలేకపోయింది. మొదటి వాదనకు ఇదొక ముల్లు.

కెటమిన్‌లో ఒక రూపమైన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకు 2019 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంటికి ఇవ్వరు. వైద్య కేంద్రంలోనే పీల్చి, కనీసం రెండు గంటలు పరిశీలనలో ఉండాలి. ఒళ్లు తనది కాదన్నట్టు తేలిపోవడం, బీపీ పెరగడం ఉంటాయి. ఆ రోజు బండి నడపకూడదు.

మా అబ్బాయికి ఫిట్స్‌కు పెరాంపనెల్ రాశారు. అప్పటినుంచి చీటికీ మాటికీ కోపం. మందు వల్లేనా?

అయి ఉండొచ్చు. డాక్టరుకు ఇవాళే ఫోన్ చేయండి. పెరాంపనెల్ ఆంపా రిసెప్టర్ మీద గ్లుటమేట్ కుర్చీకి దూరంగా అతుక్కుని తలుపును బిగిస్తుంది, అంటే నెగటివ్ మాడ్యులేటర్. 2012లో అనుమతి పొందింది. కోపం, తగాదాలు, ఇతరులకు హాని చేయాలన్న ఆలోచనల గురించి అమెరికాలో దాని లేబుల్ మీద పెట్టెకట్టి మరీ హెచ్చరిక ఉంది. డోసు పెరిగే కొద్దీ ఇవి ఎక్కువ. పిల్లవాడి పెంపకం మీదకు తోసే ముందు మందు చీటీ చూడాలి. కళ్లు తిరుగుతాయి కనుక పడుకునే ముందు ఇస్తారు. మీ అంతట మీరు ఆపేయకండి, ఫిట్స్ తిరగబెట్టవచ్చు.

దగ్గు సిరప్‌లోని డెక్స్ట్రోమెథార్ఫాన్ కూడా ఈ కోవలోదేనా?

అవును, ఎక్కువ మోతాదులో ఎన్‌ఎండీఏని అడ్డుకుంటుంది. దీన్ని బుప్రోపియాన్‌తో కలిపిన మాత్రను 2022లో అమెరికాలో డిప్రెషన్‌కు అనుమతించారు. బుప్రోపియాన్ కాలేయంలో డెక్స్ట్రోమెథార్ఫాన్ విరిగిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, అందువల్ల రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. దగ్గు సిరప్ ఎక్కువ తాగి ఇదే ఫలితం తెచ్చుకోవాలనుకోవడం ప్రమాదం. భ్రమలు, గుండెదడ వస్తాయి, కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రాణం మీదకే వస్తుంది. మెమాంటిన్ వాడేవాళ్లు ఈ సిరప్ కొనేముందు అడగాలి.

ఈ మందులు వాడుతూ మద్యం తాగొచ్చా?

వద్దు. ఆల్కహాల్ స్వయంగా ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను నెమ్మదింపజేస్తుంది. సైక్లోసెరిన్‌తో కలిస్తే ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది, పెరాంపనెల్‌తో కలిస్తే మత్తూ కోపమూ పెరుగుతాయి.

ఒక రోజు మాత్ర మరిచిపోతే?

మందును బట్టి ఉంటుంది. పెరాంపనెల్ సగం తగ్గడానికి సగటున 105 గంటలు పడుతుంది, ఒక డోసు తప్పితే రక్తంలో స్థాయి వెంటనే కూలిపోదు. మెమాంటిన్ కూడా నెమ్మదిగానే పోతుంది. మరిచినదానికి బదులు మర్నాడు రెండు వేసుకోవద్దు. చాలా రోజులు మానేసి ఉంటే పాత డోసు దగ్గర నేరుగా మొదలుపెట్టకుండా డాక్టరును అడగండి.

## షాపులో దొరికేవి

మోనోసోడియం గ్లుటమేట్ తింటే మెదడులో గ్లుటమేట్ పెరుగుతుందా?

మామూలుగా తినే మోతాదుల్లో, పెరగదు. తిన్న గ్లుటమేట్‌లో అధికభాగాన్ని పేగు గోడ కణాలే ఇంధనంగా వాడేసుకుంటాయి. రక్తంలోకి చేరిన కొద్దిపాటి గ్లుటమేట్‌ను కూడా రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న కంచె ఆపేస్తుంది. ఈ భయానికి మూలం 1969లో జాన్ ఓల్నీ చేసిన ప్రయోగాలు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు చర్మం కింద పెద్ద మోతాదులో ఎక్కిస్తే, కంచె సరిగా లేని మెదడు భాగంలో న్యూరాన్లు చనిపోయాయి. ప్రయోగం నిజం, దాన్నుంచి ఎక్సైటోటాక్సిసిటీ (అతిగా ఉత్తేజపడి న్యూరాన్లు చనిపోవడం) అనే ముఖ్యమైన భావన పుట్టింది. సూదితో ఎక్కించడం, నోటితో తినడం మాత్రం ఒకటి కావు.

మెగ్నీషియం ఎన్‌ఎండీఏని మూస్తుందన్నారు. మాత్రలు వేసుకుంటే మనసు నెమ్మదిస్తుందా?

రిసెప్టర్‌లో బిరడాగా ఉండేది మెగ్నీషియమే. కానీ మెదడు చుట్టూ ఉండే ద్రవంలో దాని స్థాయిని శరీరం గట్టిగా పట్టి ఉంచుతుంది. నోటితో వేసుకున్నది అక్కడిదాకా అంతగా చేరదు. లోపం ఉన్నవాళ్లకు మేలు చేస్తుంది, లేనివాళ్లకు విరేచనాలు మిగులుతాయి. గర్భిణులకు ఎక్లాంప్సియా ఫిట్స్‌కు ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ వేరే లెక్క, అది ఆసుపత్రిలో గంట గంటకూ చూస్తూ ఇచ్చేది.

పిరాసెటమ్, అనిరాసెటమ్ వేసుకుంటే పరీక్షలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

అనిరాసెటమ్ ఆంపా రిసెప్టర్లకు పాజిటివ్ మాడ్యులేటర్: తెరిచిన తలుపు త్వరగా మూసుకోకుండా కాస్త పట్టి ఉంచుతుంది. పిరాసెటమ్ అదే చోట చాలా బలహీనంగా అంటుకుంటుంది. గాజు పళ్లెంలో ఇది కనబడటం వేరు, ఆరోగ్యంగా ఉన్న విద్యార్థికి మార్కులు పెరగడం వేరు. రెండోదానికి నమ్మదగిన ఆధారం లేదు. పరీక్షల ముందు రాత్రి ఆ డబ్బా కన్నా నిద్ర ఎక్కువ పనిచేస్తుందని విద్యార్థులకు చెబుతాను, ఎవరూ వినరు.

గ్లైసిన్, డి-సెరిన్ పొడులు అమ్ముతున్నారు. ఎన్‌ఎండీఏకి అవే తాళంచెవులైతే నేరుగా తినేస్తే పోలా?

స్కిజోఫ్రీనియాలో సరిగ్గా ఈ ఆలోచనతోనే పరీక్షించారు. గ్లైసిన్ మెదడులోకి సులువుగా వెళ్లదు కనుక రోజుకు పదుల గ్రాములు ఇవ్వాల్సి వచ్చింది, వికారం తప్పలేదు, ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. డి-సెరిన్‌ను పెద్ద మోతాదులో ఇస్తే ఎలుకల కిడ్నీలు దెబ్బతిన్నాయి. డబ్బా మీద అమైనో ఆమ్లం అని ఉన్నంత మాత్రాన నిరపాయం కాదు.

థియానిన్?

టీ ఆకుల్లో ఉండే అమైనో ఆమ్లం. గ్లుటమేట్‌ను పోలిన ఆకారమే, రిసెప్టర్ల మీద ప్రభావం మాత్రం చాలా బలహీనం. దీన్ని కెటమిన్ తమ్ముడిలా అమ్మే ప్రకటనలు చూసి నవ్వుకోండి.

## వార్తల్లో వచ్చేవి

ఎలుకల్లో అద్భుతం అన్న మందులు మనుషుల్లో ఎందుకిలా బోర్లా పడతాయి?

జాబితా పెద్దదే. రాపాస్టినెల్‌ను మొదట్లో గ్లైసిన్ చోట కూర్చునే పార్షియల్ అగోనిస్ట్ అన్నారు, కెటమిన్‌లా పనిచేస్తూ తేలిపోయే అనుభవం ఇవ్వదన్నారు. 2019లో డిప్రెషన్ మీద చివరి దశ పరీక్షల్లో ఉత్తుత్తి మందును మించలేదు. ఎంగ్లూ2, 3లను ప్రేరేపించే పోమాగ్లుమెటాడ్ 2007లో స్కిజోఫ్రీనియాకు కొత్త దారి అనిపించి, 2012లో ఆగిపోయింది. ఎంగ్లూ5కు నెగటివ్ మాడ్యులేటర్ మావోగ్లూరాంట్ ఫ్రాజైల్ ఎక్స్ (పుట్టుకతో వచ్చే ఒక జన్యు జబ్బు) ఎలుకల్లో బాగా పనిచేసి, మనుషుల్లో తేలిపోవడంతో 2014లో ఆ ప్రయత్నం ఆపేశారు. రిసెప్టర్ చుట్టూ గ్లైసిన్ పెంచే ఇక్లెపర్టిన్ 2025 జనవరిలో అదే బాట పట్టింది.

నా అభిప్రాయం చెబుతాను. ఎలుకల పంజరంలో జబ్బు ఒకే కారణంతో, ఒకే వయసులో, ఒకే జాతిలో తయారవుతుంది. స్కిజోఫ్రీనియా అని రాసిన వందమంది ఫైళ్లలో గ్లుటమేట్ పరిస్థితి వంద రకాలుగా ఉండొచ్చు. చుట్టూ ఉన్న స్థితిని బట్టి ఊతమో బ్రేకో అయ్యే మందును వాళ్లందరికీ ఒకే డోసులో ఇచ్చి సగటు తీస్తే సున్నా రావడంలో వింతేముంది? సగటు సున్నా అయినంత మాత్రాన ఒక్కొక్కరిలోనూ సున్నా అని కాదు. ఎవరికి పనికొస్తుందో ముందే గుర్తించే పరీక్ష చేతిలో లేకపోవడమే అసలు అడ్డు.

పక్షవాతంలో గ్లుటమేట్ ఉప్పొంగి న్యూరాన్లు చనిపోతాయంటారు. మరి దాన్ని ఆపే మందు ఇవ్వరేం?

ఇచ్చి చూశారు. సెల్ఫోటెల్, గావెస్టినెల్ వంటివి 1990లలో పెద్ద పరీక్షలకు వెళ్లి విఫలమయ్యాయి. రక్తనాళం మూసుకున్న నిమిషాల్లోనే గ్లుటమేట్ పొంగుతుంది, రోగి ఆసుపత్రికి చేరేసరికి గంటలు గడుస్తాయి. పైగా ఆ తర్వాత మెదడు కోలుకోవడానికి ఇవే రిసెప్టర్లు కావాలి.

సముద్రపు ఆహారంతో జ్ఞాపకశక్తి పోయిందని చదివాను, అది కూడా గ్లుటమేట్ రిసెప్టరేనా?

అవును. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ నుంచి వచ్చిన ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు, బతికిన కొందరికి కొత్త విషయాలు గుర్తు నిలిచే శక్తి పోయింది. కారణం డోమోయిక్ ఆమ్లం. నాచు తయారుచేసే ఈ విషం కైనేట్, ఆంపా రిసెప్టర్లను తెరిచిపట్టి ఉంచుతుంది. దీని బంధువు కైనిక్ ఆమ్లం ఉన్న సముద్రపు నాచును జపాన్‌లో ఒకప్పుడు కడుపులో పురుగులకు మందుగా వాడారు. ఆంపా దగ్గర కైనేట్ పార్షియల్ అగోనిస్టే. కానీ గ్లుటమేట్‌కు ఆ తలుపు తెరుచుకున్న వెంటనే అలసి మూసుకుంటుంది, కైనేట్‌కు అలసిపోదు. "పార్షియల్ కదా, మెత్తనిది" అనుకునేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇది.

పేపర్లో "ఎఫికసీ 40 శాతం" అని ఉంది. అంటే వందలో నలభైమందికి నయమవుతుందనా?

కాదు. పార్షియల్ అగోనిస్ట్ గురించి ఆ మాట వస్తే, రిసెప్టర్లన్నీ ఆ మందుతో నిండినప్పుడు వచ్చే కరెంటు, ఫుల్ అగోనిస్ట్ ఇచ్చేదానిలో 40 శాతం అని అర్థం. ఆ కొలత చాలాసార్లు కప్ప గుడ్డులో ఒకే రకం రిసెప్టర్‌ను మొలిపించి, దానికి రెండు సూది ఎలక్ట్రోడ్లు గుచ్చి తీసింది. అందులో రోగి ఎవరూ లేరు. అలాంటి అంకె కనబడగానే ఏ భాగాలున్న రిసెప్టర్ మీద కొలిచారో, పక్కన గ్లైసిన్ ఎంత పోశారో చూడండి. ఆ రెండూ మారితే 40 కాస్తా 90 కావచ్చు.